కారణం లేని దిగులు

జహీరాబాదులో పొద్దు వాలుతోందనుకోండి. దూరంగా రైలు కూత వినిపించింది. హాస్టలు మెట్ల మీద కూర్చున్న విద్యార్థికి ఉన్నట్టుండి మనసు బరువెక్కింది. ఎవరూ తిట్టలేదు. పరీక్షా తప్పలేదు. "ఏమైందిరా?" అని స్నేహితుడు అడిగితే "ఏం లేదు" అన్నాడు. అది అబద్ధమా? కాదు.

దారిలో పాము కనిపిస్తే భయం వేస్తుంది. మెదడులో బాదంపప్పు ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీది గ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె దడదడలాడుతుంది. పాము పొదలోకి పోయిన కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఇది ఉద్వేగం. ఉద్వేగం ఎప్పుడూ ఫలానాదాని గురించే కలుగుతుంది. దిగులుకు అలా వేలుపెట్టి చూపే కారణం ఉండనక్కరలేదు. అది మనఃస్థితి.

డెన్మార్కు తత్త్వవేత్త కీర్కెగార్డ్ 1844లోనే ఈ తేడా పట్టుకున్నాడు. భయానికి ఒక విషయం ఉంటుంది, ఆందోళనకు ఉండదు అన్నాడు. 1927లో జర్మనీ తత్త్వవేత్త హైడెగ్గర్ ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు. మనఃస్థితి తల లోపల దాగినది కాదనీ, లోకం మనకు కనిపించే తీరే అదనీ చెప్పాడు. రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటే చెట్టూ, గోడా, ఆకాశమూ అన్నీ ఆ రంగులోనే కనిపించవూ? అలాంటిదన్నమాట. (పోలిక నాది. ఆయన పుస్తకం ఇంత సులువుగా ఉండదు!)

జహీరాబాదు 1956 దాకా బీదరు జిల్లాలో ఉండేది. ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. 'బేజారు' అన్న మాటనే చూడండి. పుట్టిల్లు పారశీకం. ఉర్దూలో అంటే విసిగిపోవడం. కన్నడంలో అయితే ఏమీ తోచకపోవడం, మనసు నొచ్చుకోవడం కూడా. ఇక మన మాటల్లో 'బుగులు' అంటే భయం, 'రంది' అంటే లోలోపల తొలిచే చింత, ఇంటి మీద పెట్టుకునేది 'బెంగ'. ఎన్ని ఛాయలో!

ఈ పేర్లతో పని ఉందా? ఉంది. 2007లో అమెరికాలో లీబర్‌మన్ బృందం కొందరికి భయం, కోపం నిండిన ముఖాల బొమ్మలు చూపి, ఆ భావాలకు తగిన పేరు ఎన్నుకోమంది. పేరు పెడుతున్నప్పుడు అమిగ్డలా చురుకు తగ్గినట్టు స్కానింగులో కనిపించింది.

సాయంత్రపు దిగులు చాలావరకు దానంతటదే పోతుంది. రెండు వారాలైనా వదలక, నిద్ర, ఆకలి, ఆటల మీద ఇష్టం పోతే మాత్రం అది వేరు సంగతి. ఇంట్లోనో, టీచరుకో చెప్పి డాక్టరును చూడాలి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మెట్ల మీది విద్యార్థిని స్నేహితుడు మళ్ళీ అడిగాడు. ఈసారి కాస్త ఆలోచించి, "బెంగ కాదురా, ఊరికే దిగులు" అన్నాడు.