ప్యాకెట్ వెనక ఏం రాసుంది?



చదువు నేర్చుకున్నాక మీరు మొదట ఏం చదివారు? కొందరు బస్సు బోర్డు చదివామంటారు. కొందరు రేషన్ కార్డు మీద తమ పేరు చదివామంటారు. మా సంఘంలో ఒక అక్క మాత్రం కొట్లో బిస్కెట్ ప్యాకెట్ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "అంతా ఇంగ్లీషే కదమ్మా. నేను నేర్చుకున్న అక్షరాలు దీనికి పనికిరావా?" అంది.

ఆమె అడిగింది న్యాయమైన మాట. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలని మన దేశంలో నిబంధన. తెలుగులో కూడా వేయాలని నిర్బంధం లేదు. తెలుగు ఊళ్ళో, తెలుగు వాళ్ళకి అమ్మే తిండి మీద తెలుగు లేకపోవడం ఏం న్యాయమో మరి!

అయినా మనకి అంకెలు వచ్చు. ప్యాకెట్ మీద ఉండేవి మనం నేర్చుకున్న అంకెలే. ముందు వాటితో మొదలుపెడదాం. మిగతావి బడికెళ్ళే పిల్లల చేత చదివించుకోవచ్చు. వాళ్ళకీ చదువే, మనకీ చదువే.

తారీఖు చూడండి

మొదట తయారైన తారీఖు చూడాలి. ముందు రోజు, తర్వాత నెల, తర్వాత ఏడాది ఉంటాయి. 10/01/26 అంటే 2026 జనవరి 10. కొన్నిటి మీద రోజు ఉండదు. నెల, ఏడాదే ఉంటాయి.

తర్వాత గడువు చూడాలి. కొన్నిటి మీద గడువు తారీఖు నేరుగా వేస్తారు. కొన్నిటి మీద "తయారైన 4 నెలల లోపల వాడితే మంచిది" అని ఉంటుంది. అప్పుడు వేళ్ళ మీద లెక్క పెట్టుకోవాలి. జనవరి 10న తయారైంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. మే 10తో గడువు తీరింది. ఇప్పుడు జూన్ అయితే ఆ ప్యాకెట్ మనకి వద్దు.

"ఎక్స్‌పైరీ" అని ఉంటే అది గట్టి గడువు. అది దాటిన సరుకు తినకూడదు, అమ్మకూడదు. తారీఖు చెరిపేసినా, దాని మీద ఇంకో కాగితం అంటించినా తీసుకోవద్దు. కొట్టాయన "ఏం కాదులేమ్మా, నిన్న కూడా అమ్మాను" అంటాడు. అననీయండి.

చిన్న ప్యాకెట్ల మీద చోటు చాలదని కొన్ని వివరాలు వేయకుండా మినహాయింపు ఇచ్చారు. అవి వచ్చిన పెద్ద ప్యాకెట్ మీద ఆ వివరాలు ఉంటాయి. దాన్ని చూపించమని అడగండి.

ఉబ్బిన ప్యాకెట్

పెరుగు ప్యాకెట్, పళ్ళరసం డబ్బా, రేకు డబ్బా ఉబ్బి ఉంటే లోపల పాడైనట్టే. క్రిములు పెరిగి గాలి పుట్టిస్తాయి. అలాంటిది రుచి కూడా చూడొద్దు. చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. ముక్కలు విరగకుండా, మెత్తబడకుండా దాంట్లో నైట్రోజన్ అనే గాలి నింపుతారు. అది ఉబ్బే ఉండాలి, మెత్తగా పడి ఉంటేనే అనుమానించాలి.

కొట్లో ప్యాకెట్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. ఎండలో వేలాడే నూనె ప్యాకెట్, పురుగుల మందు పక్కన పెట్టిన పిండి, ఎలుక కొరికిన సంచి ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

పచ్చ చుక్క అంటే ఏమిటి?

పచ్చ చుక్క ఉంటే మంచి సరుకని చాలామంది అనుకుంటారు. అది కాదు. పచ్చ చుక్క అంటే శాకాహారం. గోధుమ రంగు త్రికోణం ఉంటే మాంసాహారం. అంతవరకే.

ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే సంస్థ ఉంది. దాని గుర్తు పక్కన 14 అంకెల నంబరు ఉంటుంది. అంటే ఆ తయారీదారుకి అనుమతి ఉందని. అసలు నంబరే లేకపోతే కొనొద్దు. నంబరు ఉన్నంత మాత్రాన అది ఒంటికి మేలు చేసే తిండి అని కూడా కాదు. చక్కెర బిళ్ళకీ ఆ నంబరు ఉంటుంది.

ముందు బొమ్మ, వెనక నిజం

ప్యాకెట్ ముందు వైపు కంపెనీ వాళ్ళు చెప్పాలనుకున్నది ఉంటుంది. వెనక వైపు, చట్టం చెప్పమన్నది ఉంటుంది. అందుకే ముందు అక్షరాలు పెద్దవి, వెనక అక్షరాలు చీమలంత.

వెనక వైపు ఏమేం కలిపారో వరసగా రాస్తారు. ఆ వరసకి అర్థం ఉంది. ఎక్కువ బరువు ఉన్నది మొదట రాయాలి. తక్కువది చివర. ముందు రాగి కంకి బొమ్మ ఉంటుంది. వెనక చూస్తే మొదట మైదా, రెండు చక్కెర, మూడు పామాయిల్ నూనె. రాగి ఎక్కడో తర్వాత ఉంటుంది. దాని పక్కన ఎంత శాతమో వేస్తారు. ఆ అంకె చూడండి. రాగుల ధర పెట్టి మైదా కొంటున్నామా లేదా తేలిపోతుంది. మైదాని ఇంగ్లీషులో "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అంటారు. గోధుమ పేరు వినపడింది కదా అని మోసపోవద్దు.

చక్కెర లెక్క కూడా కట్టొచ్చు. పాలల్లో కలిపే పొడి డబ్బా మీద "100 గ్రాములకి చక్కెర 32 గ్రాములు" అని ఉందనుకోండి. టీ చెంచాడు చక్కెర 4 గ్రాములు. 32ని 4తో భాగిస్తే 8. అంటే 100 గ్రాముల పొడిలో 8 చెంచాల చక్కెర! పిల్లాడు పొడుగవుతాడని కొన్న డబ్బా అది. పెద్దవాళ్ళకే రోజంతటికీ 6 చెంచాలు మించకపోతే మేలంటారు. అదే డబ్బుకి పల్లీలు, బెల్లం ఎంతొస్తాయో మీకే బాగా తెలుసు.

చంటిబిడ్డకి ఇచ్చిన తియ్యనీళ్ళు

2025 వేసవిలో మా వీధిలో ఒక చెల్లెలి బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి. "ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి" అని ఆమె మందుల షాపులో అడిగింది. షాపాయన రంగురంగుల అట్టడబ్బా ఇచ్చాడు. దాని పేరులోనే ఆ మూడక్షరాలున్నాయి. బిడ్డ ఇష్టంగా తాగాడు. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఆస్పత్రిలో రెండు రోజులు సెలైన్ పెట్టారు. బిడ్డ బతికాడు.

ఎందుకలా అయింది? అసలైన ఓ.ఆర్.ఎస్. పొడి లీటరు నీళ్ళలో కలిపితే గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. దానికి తగ్గ ఉప్పు ఉంటుంది. ఆ అట్టడబ్బా నీళ్ళలో చక్కెర అంతకు ఎన్నో రెట్లు, ఉప్పు తక్కువ. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లో నీళ్ళని పేగుల్లోకి లాగుతుంది. విరేచనం ఇంకా పెరుగుతుంది.

ఇలాంటి పేర్ల మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు 8 ఏళ్ళు పోరాడారు. కోర్టుకి కూడా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఉత్తర్వు ఇచ్చింది. సరైన పాళ్ళు లేని పానీయాల పేరులో ఓ.ఆర్.ఎస్. అని వాడకూడదంది. ఒక్క మనిషి ప్యాకెట్ వెనక వైపు చదివి, ఊరుకోకుండా అడిగినందుకు అది జరిగింది.

పొడి ప్యాకెట్లు ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో అడగండి. అవి దొరికేలోపు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచా తలకొట్టి కొలవాలి, గుట్టగా పోయకూడదు. తల్లిపాలు ఆపొద్దు. బిడ్డ నీరసించిపోయినా, తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

కారం, పసుపు

ఇవి ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. గ్లాసు నీళ్ళ పైన కారం చల్లండి. ఎర్రటి చారలు కిందికి జారితే రంగు కలిపినట్టు అనుమానించాలి. అడుగున పేరుకున్నది వేళ్ళతో రుద్దండి. గరగరలాడితే ఇటుక పొడో, ఇసుకో ఉండొచ్చు. మంచి పసుపు నీళ్ళలో వేస్తే అడుగుకి దిగుతుంది, నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. నీళ్ళన్నీ చిక్కటి పసుపైతే రంగు కలిసిందేమో. పిల్లలు అడిగే గులాబీ రంగు పీచుమిఠాయి కూడా చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో, తమిళనాడులో దాన్ని నిషేధించారు. దాంట్లో రోడమిన్-బి అనే రంగు బయటపడింది. అది బట్టలకి వేసే రంగు.

సరుకు చెడ్డదని తేలితే

ప్యాకెట్ పారేయకండి. బిల్లు ఉంచండి. బిల్లు అడగడానికి మొహమాటం వద్దు. జిల్లాలో ఆహార భద్రత అధికారి ఉంటారు. ఆయనకి తెలుగులో ఒక కాగితం రాసివ్వండి. కొన్న తారీఖు, కొట్టు పేరు, ప్యాకెట్ మీది 14 అంకెల నంబరు, గడువు తారీఖు, జరిగింది ఏమిటో రాయాలి. నలుగురు కలిసి సంతకాలు చేస్తే ఇంకా బలం. వినియోగదారుల సాయం కోసం 1915 నంబరుకి ఫోను చేయొచ్చు.

మొదట చెప్పిన అక్క ఇప్పుడు కొట్టుకి వెళ్ళేటప్పుడు మనవరాలిని వెంట తీసుకెళ్తోంది. అంకెలు తను చదువుతుంది, ఇంగ్లీషు మనవరాలు చదువుతుంది. కొట్టాయన కొంచెం విసుక్కుంటాడట. పాత సరుకు మాత్రం వాళ్ళకి ఇవ్వడం మానేశాడు.