ఫోన్ సరే... క్రోమ్‌బుక్ సంగతేంటి?

శాంటా క్లారాలో ఎటు వెళ్లినా ఎన్విడియా, ఇంటెల్ బోర్డులే కనిపిస్తాయి. నేనూ చిప్‌ల మీదే పాతికేళ్లుగా బతుకుతున్నా. అలాంటి నన్ను మా అబ్బాయి క్రోమ్‌బుక్ ఆలోచనలో పడేసింది.

వాడిది ఏడో తరగతి. ఓ సాయంత్రం సైన్స్ హోంవర్క్ అంటూ గంటన్నర కూర్చున్నాడు. వెనక నుంచి చూస్తే తెరపై పద్నాలుగు ట్యాబ్‌లు. హోంవర్క్ ఒక్కదాంట్లోనే, మిగతావన్నీ ఆటలు, వీడియోలు. "క్లాసులోనూ ఇంతేనా?" అంటే, "అందరూ అంతే నాన్నా, టీచర్ ఇటు వచ్చేలోగా మార్చేస్తాం" అన్నాడు దాపరికం లేకుండా. కోప్పడబోయి ఆగాను. ఆఫీసు మీటింగుల్లో నేను చేసేదీ అదేగా!

కాలిఫోర్నియాలో 2024లో చేసిన చట్టం ప్రకారం 2026 జులై 1లోగా ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ స్మార్ట్‌ఫోన్ల వాడకానికి హద్దులు పెట్టాలి. మంచిదే. కానీ బడి చేతికిచ్చే ల్యాప్‌టాప్ మాటేమిటి? 2022 పీసా పరీక్షల సందర్భంగా ఓఈసీడీ దేశాల్లో సగటున 65 శాతం విద్యార్థులు, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో తెరల వల్ల ధ్యాస మళ్లుతోందని చెప్పారు. అలాగని తెరే శత్రువు కాదు. బడిలో చదువు కోసం రోజుకు గంట వరకూ వాడినవారికి, అసలు వాడనివారి కన్నా లెక్కల్లో ఎక్కువ స్కోరే వచ్చింది. చిక్కంతా హద్దు దాటితేనే.

ఇక్కడికి దగ్గర్లోని లాస్ ఆల్టోస్‌లో చిన్న తరగతులకు కంప్యూటర్లే వాడని వాల్డార్ఫ్ బడి ఉంది. అక్కడ టెక్ ఉద్యోగుల పిల్లలు చాలామంది ఉన్నారని 2011లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. తయారుచేసేవాళ్లకు జాగ్రత్త ముందే తెలుసన్నమాట!

తెనాలిలో ఉన్న అమ్మకు ఇదంతా చెబితే, "నీకు పలక మీద దిద్దిస్తేనే కదరా అక్షరాలు వచ్చింది. వాడితోనూ ముందు చేత్తో రాయించు" అంది. ఇప్పుడు మా ఇంట్లో జవాబు మొదట నోటుబుక్కులో, తర్వాతే తెరపై. కాపీ కొట్టి అతికించే వీల్లేదు కాబట్టి పాఠం చదవక తప్పడం లేదు. మొదటి వారం అలిగాడు. ఇప్పుడు అదే పని నలభై నిమిషాల్లో ముగిస్తున్నాడు. రాత మాత్రం ఇంకా కోడిగీతలే!

టీచర్‌నీ కలిశాను. "పాఠం చెప్పేటప్పుడు ల్యాప్‌టాప్‌లు మూయించండి" అంటే, "తల్లిదండ్రులు అడిగితే నాకూ బలం" అన్నారు ఆవిడ. ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇదీ అడుగుదాం.