తొలి పాట (తెలుగు సినిమా సంగీతం)

తొలి పాట అనగా ఒక సంగీత సంపుటి పూర్తిగా వెలువడక మునుపే శ్రోతల కొరకు విడిగా విడుదల చేయబడే మొదటి పాట. తెలుగు సినిమా ప్రకటనలలో దీనిని 'ఫస్ట్ సింగిల్' అని వ్యవహరిస్తున్నారు. ఈ పద్ధతి పాశ్చాత్య రాక్, పాప్ సంగీత వ్యాపారంలో స్థిరపడినది. 1991లో అమెరికాకు చెందిన ఆర్.ఇ.ఎం. బృందం 'అవుట్ ఆఫ్ టైమ్' సంపుటికి మాండలిన్ ప్రధానంగా సాగే 'లూజింగ్ మై రెలిజియన్' పాటను ముందుగా విడుదల చేయదలచినపుడు రికార్డు సంస్థ సందేహించినది. ఆ పాటే బృందానికి అన్నిటికంటె ఎక్కువ పేరు తెచ్చినది.

నేపథ్యం

గ్రామఫోను కాలంలో 78 ఆర్.పి.ఎం. రికార్డుకు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. కనుక ఒకే చిత్రంలోని పాటలు అనేక రికార్డులుగా వెలువడేవి. క్యాసెట్ల కాలంలో పాటలన్నీ ఒకే రోజున ఆడియో వేడుకలో విడుదలయ్యేవి. ఏ పాట గొప్పదో శ్రోతలే వెదికి తేల్చుకొనేవారు. 2010వ దశకం చివరి నాటికి ఆ వేడుకలు తగ్గి, యూట్యూబులో ఒక్కొక్క పాటను విడుదల చేయడం ఆనవాయితీ అయినది. వెదికే పని శ్రోత నుండి నిర్మాతకు మారినదన్నమాట.

ఒకే బృందం, రెండు ఫలితాలు

తొలి పాట ప్రభావాన్ని పరిశీలించుటకు త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో, ఎస్.తమన్ సంగీతంతో వచ్చిన రెండు చిత్రాలు అనుకూలమైనవి. నేటి పల్నాడు జిల్లాలోని ఆరేపల్లి ముప్పాళ్ళకు చెందిన రామజోగయ్య శాస్త్రి రెండింటికీ పాటలు వ్రాశారు.

'అల వైకుంఠపురములో' చిత్రం 2020 జనవరి 12న విడుదలైనది. అందులోని 'సామజవరగమన' పాట అంతకు 106 రోజుల ముందు, 2019 సెప్టెంబరు 28న వెలువడినది. సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసిన ఈ పాటను సిద్ శ్రీరామ్ పాడారు. అల్లు అర్జున్ వంటి కథానాయకుని చిత్రానికి నృత్యపు పాటతో గాక మెల్లగా సాగే పాటతో ఆరంభించడం సాహసమే. అయితే దానితో శ్రోతలు సంపుటిని సంగీతపరంగా వినుటకు సిద్ధపడ్డారు. తరువాత వచ్చిన 'రాములో రాములా', రామజోగయ్య శాస్త్రి వ్రాసిన 'బుట్టబొమ్మ' పాటలకు ఆ ఆదరణ కలిసివచ్చినది. ఈ చిత్రానికి తమన్ జాతీయ పురస్కారం పొందారు.

'గుంటూరు కారం' తొలి పాట 'దమ్ మసాలా' 2023 నవంబరు 7న, దర్శకుని పుట్టినరోజున వెలువడినది. చిత్రం విడుదల 2024 జనవరి 12, అనగా 66 రోజుల గడువు మాత్రమే. ఇది మహేష్ బాబు పాత్రను పరిచయం చేయు పాట. పాత్ర స్వభావం తెలిపినదే గాని వెంటనే పాడుకొనుటకు అనువైనది కాదు. పైగా శ్రోతలు దానిని మునుపటి చిత్రంతో పోల్చసాగారు. ఆ అసంతృప్తి డిసెంబరులో వచ్చిన రెండవ పాట 'ఓ మై బేబీ'పై పడినది. అది అంత బలహీనమైన పాట కాకపోయినా, సామాజిక మాధ్యమాలలో దాని సాహిత్యంపై తీవ్ర విమర్శలు వచ్చాయి. రామజోగయ్య శాస్త్రి వాటికి సమాధానమిచ్చి, పిదప ఎక్స్ వేదికకు దూరమయ్యారు. ఏ పాట ముందు రావలెనో నిర్ణయించుట సాధారణంగా గీత రచయిత చేతిలోని పని కాదు. నింద మాత్రం ఆయన పైకే వచ్చినది.

డిసెంబరు 30న వెలువడిన 'కుర్చీ మడతపెట్టి'తో పరిస్థితి తలక్రిందులైనది. అంతర్జాలంలో ప్రచారమైన ఒక వృద్ధుని మాటను పల్లవిగా తీసుకొని వ్రాసిన ఈ పాట కూడ రామజోగయ్య శాస్త్రిదే. విమర్శకు గురైన కలమే కొద్ది కాలంలోనే ఊరూరా వినిపించినది. ఆ మాట సభ్యతను గురించి కొందరు ఆక్షేపించినా, సంపుటికి గుర్తింపు తెచ్చినది మాత్రం ఈ మూడవ పాటే.

పరిమితులు

తొలి పాట ప్రభావం ప్రధానంగా పాటల ఆదరణకే పరిమితము. పల్నాటి పట్టణం పేరుతో వచ్చిన 'మాచర్ల నియోజకవర్గం' (2022 ఆగస్టు 12) చిత్రానికి ముందుగా వెలువడిన 'రా రా రెడ్డి' పాట బాగా ప్రచారం పొందినది. 'జయం' (2002) చిత్రంలోని పాట తునకను అందులో తిరిగి వాడుకొన్నారు. చిత్రం మాత్రం విజయవంతం కాలేదు. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రానికి 2021 ఆగస్టు 1న స్నేహితుల దినోత్సవం నాడు విడుదలైన తొలి పాట 'దోస్తీ'. 2023లో ఆస్కార్ పురస్కారం పొందిన 'నాటు నాటు' ఆ తరువాత నవంబరులో వచ్చినది.