దీవికి ప్రయాణమా? ముందు మందుల సంచీ చూడండి

మా వూళ్ళో రిటైరయిన హెడ్మాస్టరుగారు ఒకాయన భార్యతో కలిసి అండమాన్ చూసి వచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌లో బస. అక్కడినుంచి నీల్ దీవికి మూడురోజుల ప్రయాణం పెట్టుకున్నారు. రక్తపోటు మాత్రలు మూడు లెక్కపెట్టి జేబులో వేసుకుని, మిగిలినవి హోటల్లో పెద్ద పెట్టెలోనే వుంచి బయలుదేరారు. గాలివాన పట్టుకుంది. పడవలు ఆగిపోయాయి. మూడురోజులు కాస్తా ఐదయ్యాయి. ఐదోరోజు ఉదయానికి ఆయనకు గుండె దడ, తలపోటు. దీవిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే రక్తపోటు 190 దాటి వున్నది. అక్కడి డాక్టరు మందిచ్చి, పడుకోబెట్టి చూశాడు గనుక గట్టెక్కారు.

"రెండురోజులు మాత్ర మానితే ఏమవుతుందిలే అనుకున్నానండీ" అన్నారాయన తిరిగి వచ్చాక.

ఆయన వాడేది అటెనొలాల్. ఆ జాతి మందుల్ని ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు ఎగదన్నుతుంది. గుండెజబ్బు వున్నవాళ్ళకు గుండెపోటే రావచ్చు. మూర్ఛ మాత్రలు, ఇన్సులిన్, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు కూడా అంతే. ఇవి ఒక్కరోజు కూడా తప్పకూడని మందులు.

మీరు తిరుపతి వెళ్ళినా, కాశీ వెళ్ళినా వీధి చివర మందుల షాపు వుంటుంది. నీల్ దీవి సంగతి వేరు. 2018లో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. నీల్‌లో మొత్తం జనాభా మూడువేల చిల్లర. అన్నివిధాల వైద్యమూ దొరికే పెద్దాసుపత్రి సముద్రానికి అవతల, పోర్ట్ బ్లెయిర్‌లో వున్నది. సముద్రం బాగుంటే పడవమీద రెండుగంటల అటూ ఇటూ. బాగుండకపోతే ఎన్నిరోజులో ఎవరూ చెప్పలేరు. 2016 డిసెంబరులో తుఫాను వాతావరణానికి నీల్, హేవ్‌లాక్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుబడిపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. అది యాత్రికులు బాగా వెళ్ళే కాలమే సుమండీ!

అంచేత, ఎన్నిరోజులు వుండదలచుకున్నారో అంతకు రెట్టింపు రోజుల మందులు దగ్గర వుంచుకోండి. సగం మీ చేతిసంచీలో, సగం మీవారి సంచీలో. ఒకటి నీళ్ళలో పడినా రెండోది వుంటుంది. మందుల చీటీ కూడా పెట్టుకోండి. అందులో కంపెనీ పేరుతోబాటు మందు అసలు పేరు, మోతాదు మీ డాక్టరుచేత రాయించుకోండి. దీవినుంచి వచ్చిన రోజే విమానం ఎక్కేటట్టు టిక్కెట్లు కొనకండి. మధ్యలో కనీసం ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో వుండాలి.

ఇన్సులిన్ వాడేవారు దాన్ని విమానంలో సామాన్లకు వేసే పెట్టెలో పెట్టకూడదు. అక్కడ గడ్డకట్టే ప్రమాదం వున్నది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పారవేయవలసిందే. చేతిసంచీలో, మంచుముక్క తగలకుండా తీసుకువెళ్ళండి. బసలో ఫ్రిజ్ లేకపోతే మన పాతపద్ధతే మేలు. చిన్న కుండను తడి ఇసుకలో నిలబెట్టి, సీసాను ప్లాస్టిక్ సంచీలో చుట్టి లోపల వుంచండి.

ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, కొద్దిగా నడిస్తేనే గుండెనొప్పి వచ్చేవారు, నెలలు నిండుతున్న గర్భిణులు చిన్న దీవిలో రాత్రి బస చేయకపోవడమే మంచిది. పోర్ట్ బ్లెయిర్‌లో వుండి చూడవలసినవి చాలా వున్నాయి.

ఇక పడవలో వాంతులు. వాంతులు మొదలయ్యాక మాత్ర మింగితే అదీ బయటికే వస్తుంది. ఎక్కడానికి గంటా రెండుగంటల ముందే వేసుకోవాలి. ప్రోమెథాజిన్ మాత్రకు నిద్రమత్తు వస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వనేకూడదు. ప్రోస్టేట్ వాపువల్ల మూత్రం కష్టంగా వచ్చే పెద్దవారు, కంట్లో నీటికాసులు వున్నవారు డాక్టరు నడక్కుండా వాడవద్దు. ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలు తిని, పడవ మధ్యభాగంలో కూర్చుని, దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీతను చూస్తూ వుండండి. ఫోనులోకి తలవంచారా, వికారం ఖాయం.

నీల్‌లో వూళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు బెంగాల్‌నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాలు కూరగాయలు బాగా పండిస్తారు. మధుమేహులకు తిండికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పాదాలకే. తిరుమలలో శిలాతోరణం చూశారుగదా, అలాంటిదే ఇక్కడ సముద్రం ఒడ్డున వున్నది. పాటు సమయంలో చచ్చిన పగడాలమీద, నాచు పట్టిన రాళ్ళమీద నడిచి వెళ్ళాలి. కాళ్ళు మొద్దుబారిన మధుమేహులకు పగడం కోసుకున్నా తెలియదు. హవాయి చెప్పులు చాలవు, కాలికి పట్టివుండే రబ్బరు బూట్లు తొడగండి. సాయంత్రం పాదాలను దీపం వెలుగులో చూసుకోండి. గీరుకుంటే మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి, పగడపు నలుసులు మిగలకుండా తీసివేయాలి. ఈ పుండ్లు త్వరగా మానవు. ఎర్రబడినా, వాచినా, చీము పట్టినా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో ఇంటిదగ్గరే జ్ఞాపకం చేసుకోండి.

అక్కడ మనకంటే ముందే, ఐదూ ఐదున్నరకే తెల్లవారుతుంది. తొమ్మిదికే ఎండ మండిపోతుంది. నీళ్ళమీద బోర్లా తేలుతూ పగడాలు చూసేవాళ్ళకు వీపు కాలుతున్న సంగతే తెలియదు. ఒంటిమీద చొక్కా వుంచుకోండి.

స్కూబా డైవింగ్ అని నీటి అడుగుకు దిగేముందు ఆరోగ్య పత్రం నింపమంటారు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు వుంటే దాచకండి. జలుబుతో దిగితే చెవిలో కర్ణభేరి చిరగవచ్చు. దిగివచ్చాక ఇరవైనాలుగు గంటలదాకా విమానం ఎక్కవద్దు. ఒత్తిడివల్ల రక్తంలో కరిగిన నత్రజని, పైకి వెళ్ళేసరికి బుడగలై కీళ్ళనూ నరాలనూ దెబ్బతీయవచ్చు.

దోమతెర, దోమల లేపనం తప్పనిసరి. అండమాన్‌లో మలేరియా మునుపటికంటే తగ్గినా పూర్తిగా పోలేదు. తిరిగి వచ్చాక నెలలోపల జ్వరం వస్తే, వాతావరణం మార్పని క్రోసిన్ వేసుకుని పడుకోకండి. అదేరోజు రక్తపరీక్ష చేయించి, దీవులకు వెళ్ళివచ్చానని డాక్టరుకు మీరే చెప్పండి. కొన్నిరకాల మలేరియా కాలేయంలో దాగివుండి ఆరునెలలకు కూడా బయటపడుతుంది. ఆయన అడగకపోయినా చెప్పండి.