జరుగని రెండవ పోరు

పల్లెలో భారత పురాణము చెప్పించునపుడు, గదాయుద్ధము ముగిసిన మరునాడు రచ్చబండ కడ ఒక వాదము తప్పక పుట్టును. భీముడు తొడలపై కొట్టకుండినచో దుర్యోధనుడు ఓడియుండెడివాడా? భీమునకు బలమెక్కువ, దుర్యోధనునకు అభ్యాసమెక్కువ. ఇనుముతో భీముని ప్రతిమ చేయించి దానిపై పదుమూడేండ్లు గద సాధించినవాడాయన. నేర్పున దుర్యోధనుడే మిన్న యని శ్రీకృష్ణుడంతటివాడు అర్జునునితో చెప్పెను. కనుక బలము పక్షము వహించువారు కొందరు, నేర్పు పక్షము వహించువారు కొందరు. ఆ పోరు మరల జరుగదు. అయినను వాదము ఆగదు.

ముష్టియుద్ధ ప్రపంచమున అట్టి వాదమే ఒకటి ఏబది యేండ్లకు పైగా సాగుచున్నది. 1974 అక్టోబరు 30వ తేదీన, ఆఫ్రికా ఖండమున నాడు జైర్ అని పిలువబడిన కాంగో దేశపు రాజధాని కిన్షాసాలో, మహమ్మద్ అలీ ఎనిమిదవ రౌండున జార్జి ఫోర్మన్‌ను పడగొట్టి హెవీ వెయిట్ జగజ్జేత బిరుదమును మరల కైకొనెను. ఫోర్మన్ రెండవ పోరు కోరెను. అది జరుగలేదు. జరిగియుండినచో ఎవరు గెలిచియుందురు?

పొద్దుపుచ్చు ప్రశ్న వలె ఇది కన్పట్టును. కాని విద్యార్థులకు వాదించు విద్య నేర్పదలచిన ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి విషయము అరుదు. ఇరుపక్షములకు సాక్ష్యము సమృద్ధిగా నున్నది. పోరు చలనచిత్రముగా నిలిచియున్నది. ముందు వెనుకల జరిగిన పోరుల ఫలితములు తేదీలతో సహా దొరకును. లేనిది ఒక్క తీర్పు మాత్రమే.

ఆ రాత్రి

ఫోర్మన్‌కు అప్పటికి ఇరువదియైదేండ్లు. నలువది పోరులు చేసి ఒక్కటియు ఓడలేదు. వానిలో ముప్పదియేడింట ప్రత్యర్థిని పడగొట్టెను. కిన్షాసాకు ముందటి ఎనిమిది పోరులలో ఒక్కటియు రెండవ రౌండు దాటలేదు. అలీకి ముప్పదిరెండేండ్లు. సైన్యమున చేరుటకు నిరాకరించినందుకు బిరుదము కోల్పోయి, 1967 నుండి 1970 వరకు బరికి దూరమైనవాడు. తిరిగి వచ్చినపుడు పాదములలో వెనుకటి చురుకు లేదు. అలీ గెలుచునని నమ్మినవారు మిక్కిలి తక్కువ. వాని ప్రాణమునకే భయపడినవారు పెక్కుమంది.

అమెరికాలోని ప్రేక్షకుల వేళకు సరిపడునట్లు పోరు తెల్లవారు జామున నాలుగు గంటలకు మొదలయ్యెను. తొలి రౌండున అలీ కుడిచేతితో నేరుగా ఫోర్మన్ ముఖముపై కొట్టెను. ఎడమచేతితో దారి చేసికొనక కుడిచేతిని ముందుగా విసరుట అనుభవజ్ఞునికి అవమానకరమైన సాహసము. రెండవ రౌండు నుండి అలీ మరియొక వింత చేసెను. బరి చుట్టును కట్టిన త్రాళ్ళకు వీపు ఆనించి, చేతులతో తలను కప్పుకొని, ఫోర్మన్‌ను కొట్టనిచ్చెను. దెబ్బలు భుజములపైనను ప్రక్కటెముకలపైనను పడుచుండెను. నడుమ నడుమ అలీ చేయి విసరుచు, మాటలతో రెచ్చగొట్టుచుండెను. అయిదవ రౌండు ముగియునప్పటికి ఫోర్మన్ చేతులు బరువెక్కెను. ఎనిమిదవ రౌండు చివర అలీ త్రాళ్ళ నుండి ఇవతలకు వచ్చి వరుసగా కొట్టగా ఫోర్మన్ గుండ్రముగా తిరిగి నేల కూలెను. మరికొంత సేపటికి కిన్షాసాపై కుంభవృష్టి కురిసెను.

పూర్వపక్షము

ఫోర్మన్ పక్షమువారి వాదములు తేలికగా త్రోసివేయదగినవి కావు. పోరు మొదట సెప్టెంబరు 25వ తేదీకి నిర్ణయమయ్యెను. సాధనలో ఫోర్మన్ కంటిపై గాయమగుటచే అయిదు వారములు వాయిదా పడెను. గాయము మానువరకు వానికి నిండైన సాధన లేదు. ఇది మొదటి వాదము. బరి త్రాళ్ళు వదులుగా నుండుటచే అలీ వెనుకకు వ్రాలి దెబ్బలు తప్పించుకొనెననుట రెండవది. అలీ శిక్షకుడు ఏంజెలో డండీ వానిని వదులు చేసెనని ఆరోపించిరి, డండీ కాదనెను. ఆ దేశపు ఉక్కపోత భారీకాయుడైన ఫోర్మన్‌ను కృంగదీసెననుట మూడవది. ఫోర్మన్ లేచుచుండగనే రిఫరీ లెక్క ముగించెననుట నాలుగవది.

వీనికంటె బలమైనది అయిదవ వాదము. త్రాళ్ళపై వ్రాలు ఎత్తు ఒక్కసారి మాత్రమే పనిచేయును. మరునాడు దానిని లోకమంతయు ఎరుగును. ఎరిగిన ఎత్తునకు విరుగుడు కష్టము కాదు. ఫోర్మన్ గిల్ క్లాన్సీ యను క్రొత్త శిక్షకుని కడ చేరెను. 1976 జనవరిలో రాన్ లైల్ చేత రెండుమార్లు నేల కూలియు లేచి అయిదవ రౌండున గెలిచెను. జూనులో జో ఫ్రేజియర్‌ను మరల అయిదవ రౌండున ఓడించెను. అదే కాలమున అలీ సన్నగిల్లుచుండెను. 1976 ఏప్రిలులో 230 పౌనుల బరువుతో బరిలో దిగి జిమ్మీ యంగ్‌పై ఎట్లో నిర్ణయము పొందెను. సెప్టెంబరులో కెన్ నార్టన్‌పై పొందిన నిర్ణయమును నేటికిని పలువురు ఒప్పుకొనరు. కనుక 1976లో తలపడియుండినచో ఫోర్మనే గెలిచియుండునని వీరి సిద్ధాంతము.

ఉత్తరపక్షము

అలీ పక్షమువారు ఇట్లు బదులు చెప్పుదురు. ఉక్కపోత ఇద్దరికిని ఒక్కటే. ఏడేండ్లు పెద్దవాడు అలీ. త్రాళ్ళ వదులు ఇద్దరికిని ఒక్కటే. ఫోర్మన్ పడిన వేళకు ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలలోను అలీయే ముందుండెను. లెక్క రెండు క్షణములు ఆలస్యమైనను ఆ మొగ్గు మారెడిది కాదు. తొలి రౌండున త్రాళ్ళ ప్రసక్తియే లేదు; అపుడును అలీ దెబ్బలే సూటిగా తగిలెను.

వీరు మరియొక సంగతిని కూడ చూపుదురు. అలీ వృత్తిజీవితమున ఓడిన పోరులు అయిదు: ఫ్రేజియర్, నార్టన్, స్పింక్స్, హోమ్స్, బెర్బిక్. ఈ అయిదును ఆ ప్రత్యర్థులతో తొలిసారి తలపడినవే. రెండవమారు తలపడిన ఏ పోరునను అలీ ఓడి యెరుగడు. ఒకమారు చూచిన మనిషిని చదివి పెట్టుకొనుట అలీ విద్య.

త్రైరాశికము పొసగదు

ఈ వాదమున విద్యార్థులు సాధారణముగా పడు పొరపాటు ఒకటి కలదు. ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించెను. ఆ ఫ్రేజియర్‌ను ఫోర్మన్ 1973లో రెండు రౌండ్లలో ఆరుమార్లు పడగొట్టెను. నార్టన్ 1973లో అలీ దవడ ఎముక విరుగగొట్టి గెలిచెను. ఆ నార్టన్‌ను ఫోర్మన్ 1974 మార్చిలో రెండు రౌండ్లలోనే ముగించెను. త్రైరాశికము వేసినచో ఫోర్మన్ అలీని రెండు రౌండ్లలో ఓడింపవలెను. కిన్షాసాలో జరిగినది వేరు.

రెండు మణుగులకు ఇంత వెలయైన నాలుగు మణుగులకు ఎంత అను లెక్క సరకులకు చెల్లును. మనుష్యులకు చెల్లదు. ఫ్రేజియర్ నేరుగా ముందుకు వచ్చువాడు. ఫోర్మన్ పిడికిలికి అట్టివాడు ఎదురుగా దొరకును. నార్టన్ దెబ్బలకు వెనుకంజ వేసినపుడు బలహీనుడు. అలీ వెనుకకు వ్రాలియు పోరగలవాడు. ఎవరు ఎవరిని గెలిచిరనునది ఒక్క బలముపై ఆధారపడియుండినచో పోరు పెట్టనక్కరలేదు, తూచిన చాలును.

రెండు పాత తీర్పులు

త్రైరాశికమునకు బదులుగా గత చరిత్రను అడుగవచ్చును. నిజముగా జరిగిన రెండవ పోరులు రెండు కలవు. 1936 జూనులో జర్మనీవాడగు మాక్స్ ష్మెలింగ్ జో లూయీని పండ్రెండవ రౌండున పడగొట్టెను. ఎడమచేతి దెబ్బ వేసిన వెంటనే లూయీ ఆ చేతిని క్రిందకు దించునని ష్మెలింగ్ ముందే గమనించియుండెను. లూయీ ఆ లోపమును దిద్దుకొనెను. 1938 జూన్ 22న మరల తలపడినపుడు 124 సెకనులలో పోరు ముగించెను.

1926లో జీన్ టన్నీ చేతిలో ఓడిన జాక్ డెంప్సీ మరుసటి యేట షికాగోలో మరల తలపడెను. ఏడవ రౌండున టన్నీని పడగొట్టెను కూడ. కాని పడగొట్టినవాడు వెంటనే దూరపు మూలకు పోవలెనను క్రొత్త నియమమును మరచి అచ్చటనే నిలిచెను. అతడు కదలువరకు రిఫరీ లెక్క మొదలిడలేదు. టన్నీకి ఊపిరి పీల్చుకొను వ్యవధి దొరకెను; లేచి, నిలిచి, గెలిచెను. పడగొట్టి పైననే నిలుచుట డెంప్సీ పాత అలవాటు.

ఈ రెంటి నుండి ఒక కొలత దొరకును. ఓడినవాడు తన లోపమును గుర్తించి దిద్దుకొనినపుడు రెండవ పోరు తారుమారగును. లోపము అట్లే యున్నచో తీర్పును అట్లే యుండును. కావున అడుగవలసినది ఒక్కటే: కిన్షాసాలో బయటపడిన లోపమును ఫోర్మన్ దిద్దుకొనెనా?

ఆ లోపము బలము తక్కువగుట కాదు. బలమును పొదుపు చేయలేకపోవుట. 1975 ఏప్రిలులో టొరంటోలో ఫోర్మన్ ఒక్కనాడే అయిదుగురితో ప్రదర్శన పోరులు చేసెను. బరి ప్రక్కనుండి అలీ ఎగతాళి చేయుచుండగా ఫోర్మన్ కోపము దాచుకొనలేకపోయెను. 1977 మార్చిలో, కిన్షాసా వలెనే ఉక్కపోసిన పోర్టోరికోలోని సాన్ హువాన్‌లో, జిమ్మీ యంగ్‌తో తలపడెను. ఏడవ రౌండున యంగ్‌ను కూలునంత పని చేసెను. కాని యంగ్ నిలిచెను. ఫోర్మన్ అలసెను. పండ్రెండవ రౌండున ఫోర్మనే నేల కూలి, నిర్ణయమున ఓడెను. కిన్షాసా పాఠమే సాన్ హువాన్‌లో మరల చెప్పబడినది. ఆ రాత్రియే దైవానుభవము కలిగినదని చెప్పి, ఫోర్మన్ పదియేండ్లు ముష్టియుద్ధము విడిచి మతప్రచారకుడయ్యెను.

లోపము దిద్దుకొనిన ఫోర్మన్ లేకపోలేదు. 1987లో మరల బరిలో దిగినవాడు నిదానముగా నడచువాడు, కోపము లేనివాడు, వేచియుండుట నేర్చినవాడు. 1994 నవంబరు 5న, నలువదియైదేండ్ల వయస్సున, కిన్షాసాలో తొడిగిన లాగునే తొడిగి, తొమ్మిది రౌండ్లు వెనుకబడియుండియు, పదవ రౌండున మైకేల్ మూరర్‌ను పడగొట్టి బిరుదమును తిరిగి పొందెను. అలీని ఎదుర్కొనదగిన ఫోర్మన్ ఇతడే. కాని అతడు వచ్చునప్పటికి ఇరువది యేండ్లు గడచెను. అలీ చేతులు వణకుచుండెను.

గెలుపు వెల

కనుక సాక్ష్యములు ఎటు మొగ్గుచున్నవో చెప్పవచ్చును. 1975లో తలపడియుండినచో అలీ గెలుపు నిశ్చయప్రాయము. 1976లో నిశ్చయము కాదు. అయినను మొగ్గు అలీ వైపే. జిమ్మీ యంగ్ నిలువగలిగిన చోట అలీ నిలువడనుటకు ఆధారము లేదు. 1977లో ఎర్నీ షేవర్స్ వంటి గట్టి చేతివాని దెబ్బలు తినియు అలీ పదునైదు రౌండ్లు నిలిచెను.

అయితే ఎట్లు నిలిచెను? వాదించువారు సాధారణముగా ఈ ప్రశ్న కడనే ఆగిపోవుదురు. అలీ గెలిచిన మార్గము దెబ్బలు తప్పించుకొను మార్గము కాదు, తిను మార్గము. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో పదునాలుగు రౌండ్లు పోరినపుడు మృత్యువునకు చేరువైనట్లుండెనని అలీయే చెప్పెను. షేవర్స్ పోరు పిదప వైద్యుడు ఫెర్డీ పచీకో, మూత్రపిండములు దెబ్బతినుచున్నవి, ఇక చాలించుమని హెచ్చరించెను. మాట చెల్లకపోగా తానే విడిచిపోయెను. 1984లో అలీకి పార్కిన్సన్ వ్యాధి లక్షణములున్నట్లు వైద్యులు తేల్చిరి. దానికి దెబ్బలు ఎంతవరకు కారణమో వైద్యులలో భిన్నాభిప్రాయములు కలవు. ఆ దెబ్బలు మేలు చేసెనని మాత్రము ఏ వైద్యుడును అనలేదు.

రెండవ పోరు జరిగియుండినచో బహుశః అలీయే గెలిచియుండును. ఫోర్మన్ చేతి దెబ్బలు మరి ఎనిమిది రౌండ్లో, పదునైదు రౌండ్లో తిని గెలిచియుండును. ఆ గెలుపును చూడలేదని చింతించువారు దాని వెల ఎవరు చెల్లించియుందురో కూడ తలచుట న్యాయము. మాటలలో జరుగు పోరున ఎవరికిని దెబ్బ తగులదు. జరుగని పోరును గూర్చిన వాదమునకు గల సుగుణములలో ఇది మొదటిది.

ఆ యిరువురును కడకు మిత్రులైరి. కిన్షాసా పోరును గూర్చి తీసిన డాక్యుమెంటరీ చిత్రమునకు 1997 మార్చిలో ఆస్కార్ బహుమతి లభించెను. చిత్రనిర్మాతలతోపాటు అలీని కూడ వేదికపైకి పిలిచిరి. మెట్లెక్కుట అలీకి కష్టమయ్యెను. ప్రక్కనున్న ఫోర్మన్ చేయి అందించి పైకి నడిపించెను. 2016 జూన్ 3న అలీయు, 2025 మార్చి 21న ఫోర్మనును కన్నుమూసిరి. కిన్షాసాలో ఆ రాత్రి తలపడిన పిదప వారు ఒక్క వేదికపై లోకమునకు కలిసి కన్పించిన ఘట్టములలో పదిమందికిని గుర్తు నిలిచినది ఆ మెట్ల కడ జరిగినదే.