అల్లాయ్ చక్రం: మెరుపును కాపాడే పొర

కారుకు అల్లాయ్ వీల్‌గా అమర్చే చక్రం స్వచ్ఛమైన అల్యూమినియం కాదు. స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. బండి బరువును, గుంతల దెబ్బను తట్టుకోలేదు. అందుకే అందులో సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతానికి అటూఇటుగా మెగ్నీషియం కలుపుతారు. ఈ మిశ్రమలోహం పేరు ఏ356. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులోని సన్నని మూలలకు కూడా సులువుగా పారుతుంది. మెగ్నీషియం వేడి శుద్ధి తర్వాత గట్టిదనాన్ని ఇస్తుంది.

అల్యూమినియం పుట్టే చోట్లలో ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా స్థిరపడిన బిలాస్‌పూర్‌కు సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని కోర్బాలో భారత్ అల్యూమినియం కంపెనీ కర్మాగారం ఉంది. 1965లో ప్రభుత్వ సంస్థగా ఏర్పడిన ఈ కంపెనీ అక్కడ 1975లో లోహం తీయడం మొదలుపెట్టింది. మైన్‌పాట్ కొండల్లాంటి చోట్ల దొరికే ఎర్రటి బాక్సైట్ ఖనిజం అల్యూమినియానికి మూలం. దాదాపు 4 టన్నుల బాక్సైట్ నుంచి 2 టన్నుల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు), దాని నుంచి 1 టన్ను లోహం వస్తాయి. సుమారు 960 డిగ్రీల వేడిలో కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినాను కరిగించి, విద్యుత్తుతో లోహాన్ని విడదీస్తారు. ఒక్క కిలోకు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. బొగ్గు, విద్యుత్ కేంద్రాలు ఉన్న కోర్బాలో ఈ కర్మాగారం వెలయడానికి కారణం ఇదే.

అల్యూమినియం చక్రం పేరు తెచ్చుకున్నది పరుగు పందాల్లో. 1924లో ఫ్రాన్స్‌లోని లియోన్ గ్రాండ్ ప్రీలో బుగాటీ టైప్ 35 కార్లు 8 చదునైన స్పోకులున్న పోత అల్యూమినియం చక్రాలతో దిగాయి. బ్రేకు డ్రమ్ము చక్రంలోనే భాగం కావడంతో వేడి త్వరగా బయటికి పోయేది. చక్రం ఊడదీస్తే బ్రేకులు కూడా కళ్లకు కనిపించేవి. ఆ తర్వాత అమెరికా పందెం కార్లకు టెడ్ హాలీబ్రాండ్ మెగ్నీషియం చక్రాలు చేశాడు. అవి ఇంకా తేలిక, కానీ తేమకు త్వరగా క్షీణిస్తాయి. 1966లో పోర్షే 911 ఎస్ కారుకు జర్మనీలోని ఫుక్స్ సంస్థ అల్యూమినియాన్ని అచ్చులో ఒత్తి చేసిన చక్రాలు ఇచ్చింది. అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడో వంతే కావడంతో, ఖరీదైన కార్ల నుంచి మామూలు కార్లకూ ఈ చక్రాలు వ్యాపించాయి.

నేడు ఎక్కువ చక్రాలు తక్కువ పీడనపు పోతతో తయారవుతాయి. కొలిమిలోని లోహాన్ని గాలి ఒత్తిడితో కింది నుంచి అచ్చులోకి ఎక్కిస్తారు. నురగ, గాలి బుడగలు తగ్గడానికి ఈ పద్ధతి తోడ్పడుతుంది. చల్లారిన చక్రాన్ని సుమారు 540 డిగ్రీలకు వేడిచేసి, నీటిలో ముంచి, మళ్లీ సుమారు 155 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉంచుతారు. తర్వాత లేత్ మీద చెక్కి, గాలి లీకును, దెబ్బకు ఓర్చే శక్తిని పరీక్షించి రంగు వేస్తారు. విశాఖపట్నంలోని సినర్జీస్ కాస్టింగ్స్ ఇలాంటి చక్రాలను చేసే సంస్థల్లో ఒకటి.

అల్యూమినియానికి గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఇనుము తుప్పు రాలిపోయి కొత్త ఇనుమును గాలికి అప్పగిస్తుంది. ఈ ఆక్సైడు మాత్రం లోహాన్ని అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది. ఆమ్లం, క్షారం రెండూ దాన్ని కరిగించగలవు. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కాయవద్దని ఇళ్లలో పెద్దలు చెప్పే మాట వెనక ఉన్నది ఈ సంగతే. ఇత్తడి బిందెను చింతపండుతో తోమే అలవాటు చక్రానికి పనికిరాదు.

చాలా చక్రాలకు ఆక్సైడు మీద రంగు, దాని మీద క్లియర్ కోట్ అనే పారదర్శక పూత ఉంటాయి. డైమండ్ కట్ చక్రాల ముఖాన్ని లేత్ మీద పలుచగా చెక్కి, ఆ మెరుపు మీద పూత వేస్తారు. కొన్నింటికి క్రోమ్ పూత ఉంటుంది. ఏ పూతా లేని, పాలిష్ చేసిన నున్నటి లోహపు చక్రాలు వేరు. చక్రం ఏ రకమో తెలియకుండా దాని మీద పాలిష్ పట్టకూడదు. తెల్లని మెత్తటి గుడ్డ మీద కొద్దిగా మెటల్ పాలిష్ వేసి కనబడని మూలలో రుద్దితే తెలుస్తుంది: గుడ్డ నల్లబడితే అది పూత లేని లోహం, నల్లబడకపోతే పైన పూత ఉన్నట్టే.

పూత ఉన్న చక్రానికి కావలసినది పాలిష్ కాదు, శుభ్రత. బ్రేకు డిస్కు, ప్యాడ్ల నుంచి వేడిగా రాలే ఇనుప రజను పూతకు అతుక్కుని, తేమ తగిలి తుప్పు పడుతుంది. ముందు బ్రేకుల మీద భారం ఎక్కువ కాబట్టి ముందు చక్రాలు త్వరగా నల్లబడతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే బిలాస్‌పూర్ ఎండలో నడిచి వచ్చిన చక్రాన్ని వెంటనే కడిగితే, నీరు క్షణాల్లో ఆవిరై తెల్లటి మరకలు మిగులుతాయి. చక్రం చల్లారాక, ముందు ధారగా నీళ్లు పోసి ఇసుకను వదిలించి, కార్ షాంపూతో మెత్తటి బ్రష్ వాడి కడిగి, ఆరేలోగా తుడవాలి. చక్రాల గుడ్డతో కారు ఒంటిని తుడవకూడదు; ఇసుక గీతలు పడతాయి. బాత్రూమ్ యాసిడ్, వాషింగ్ సోడా, ఇనుప పీచు దగ్గరికి రానివ్వకూడదు. శుభ్రం చేశాక మైనం పూస్తే రజను అంతగా అంటుకోదు.

పూత లేని లోహానికే పాలిష్ అవసరం. గీతల లోతును బట్టి 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 600, 800, 1000, 1500, 2000 వరకు నీళ్లతో తడుపుతూ రుద్దుతారు. ప్రతి పేపర్ ముందు పేపర్ గీతలను పూర్తిగా చెరిపాకే తర్వాతి దానికి వెళ్లాలి. చివర నూలు బఫ్‌తో పాలిష్ ముద్ద పట్టిస్తే అద్దపు మెరుపు వస్తుంది. తడిగా రుద్దడానికి మరో కారణం భద్రత: ఎండిన సన్నని అల్యూమినియం రజను నిప్పురవ్వకు అంటుకుంటుంది. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ మెరుపు శాశ్వతం కాదు. మైనం లేదా పారదర్శక పూత లేకపోతే వారాల్లోనే మసకబారుతుంది.

చక్రాన్ని బిగించే తీరు కూడా సంరక్షణలో భాగమే. అల్యూమినియం, ఇనుప హబ్ కలిసిన చోట తేమ చేరితే చక్రం హబ్‌కు పట్టుకుపోతుంది. అందుకే విప్పినప్పుడు హబ్ ముఖం మీది తుప్పును గీకాలి. నట్లను ఎదురెదురు వరుసలో, కారు పుస్తకంలో చెప్పిన టార్క్‌తో బిగించి, కొంత దూరం నడిచాక మళ్లీ చూడాలి. గుంతలో పడి పగుళ్లు వచ్చిన చక్రాన్ని వెల్డింగ్‌తో అతికించి నడపడం ప్రమాదం, ఎందుకంటే ఆ వేడికి లోహానికి శుద్ధితో వచ్చిన బలం పోతుంది.

పాలిష్ ఎన్నిసార్లు పడితే అంత లోహం అరుగుతుంది. డైమండ్ కట్ ముఖాన్ని కొద్దిసార్లే మళ్లీ చెక్కగలరు. కాబట్టి చక్రాన్ని కాపాడేది తరచూ కడగడం, అరుదుగా రుద్దడం. ఆయువు తీరిన చక్రం కూడా వృథా కాదు. దాన్ని కరిగిస్తే, ఖనిజం నుంచి లోహం తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే కొత్త అల్యూమినియం చేతికి వస్తుంది.