రెండో గోల్‌కీపర్

తిరుపతి నుంచి రంగంపేట దాటి, భాకరాపేట ఘాటు రోడ్డు ఎక్కి అవతలికి దిగితే తలకోనకు దారి చీలుతుంది. ఆదివారం వచ్చిందంటే ఆ దారంతా జలపాతానికి పోయే బండ్లే. ఆ పక్కనే యర్రావారిపాళెం మండలంలో ఎనుములవారిపల్లె అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్లో వడ్రంగి పనితో బతికే ఇంట్లో పుట్టిన ఆడపిల్ల భారత హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయింది. పేరు ఎతిమరపు రజని. నిన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లా బిడ్డ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక లెక్క ప్రకారం తిరుపతి జిల్లా బిడ్డ. ఆమెను రెండు జిల్లాలూ మాదంటే మాదని చెప్పుకోవాలి. మనం అంత గట్టిగా చెప్పుకోవడం లేదన్నదే నా బాధ.

ఈ కథనం నిజానికి రజనితో మొదలు కాలేదు. యూరప్ ఫుట్‌బాల్‌లో దేశం తరఫున ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన మగవాళ్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. పైనుంచి కిందికి చదువుతూ పోతుంటే అందులో గోల్‌కీపర్లు చాలామందే కనిపించారు. వాళ్ల పేర్లు చూస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. వీళ్లు అన్ని మ్యాచ్‌లు ఆడుతుంటే, అన్నేళ్లూ వీళ్ల వెనక గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్న ఆ రెండో మనిషి ఎవరు? అక్కడే హాకీలో అలాంటి రెండో మనిషైన రజని, ఆమె ఎనుములవారిపల్లె గుర్తొచ్చాయి.

టోపీల లెక్క

దేశానికి ఆడిన ఒక్కో మ్యాచ్‌ని ‘క్యాప్’ అంటారు. అది ఉత్త మాట కాదు, నిజంగానే టోపీ. 1886లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం దేశం తరఫున ఆడినవాళ్లకు టోపీ ఇవ్వాలని తీర్మానించింది. ఆ అలవాటు తగ్గినా పేరు నిలిచిపోయింది. ఈ లెక్కలో ప్రపంచంలో మొదట నూరు చేరినవాడు ఇంగ్లండ్ కెప్టెన్ బిల్లీ రైట్. 1959 ఏప్రిల్‌లో వెంబ్లీలో, స్కాట్లండ్ మీద. 105 దగ్గర ఆగాడు.

ఇవాళ ఆ లెక్కల కొండ మీద కూర్చున్నది పోర్చుగల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో. 2023 జూన్ 20న ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో 200వ మ్యాచ్ ఆడాడు. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో అక్కడికి చేరిన మొదటివాడు. ఆ రోజు 89వ నిమిషంలో గెలుపు గోల్ కూడా తనదే. ఇప్పుడు ఆయన లెక్క 220 దాటింది. ఆయనకంటే ముందు యూరప్ రికార్డు స్పెయిన్ డిఫెండర్ సెర్హియో రామోస్‌ది, 180. రామోస్‌కు ముందు ఇటలీ గోల్‌కీపర్ బుఫోన్‌ది, 176. మగ, ఆడ తేడా పక్కన పెట్టి చూస్తే వీళ్లందరినీ మించిన పేరు అమెరికా క్రీడాకారిణి క్రిస్టీన్ లిల్లీది. ఆమె 354 మ్యాచ్‌లు ఆడింది. రికార్డుల మాట వచ్చినప్పుడు ఈ సంఖ్య కూడా పక్కనే చెప్పుకోవడం న్యాయం.

ఈ జాబితాలో నన్ను బాగా ఆపేసిన పేర్లు రెండున్నాయి. ఎస్టోనియా ఆటగాడు మార్టిన్ రైమ్, 157. లాట్వియా ఆటగాడు విటాలీస్ అస్తఫ్యెవ్స్, 167. 2009లో యూరప్ రికార్డు రైమ్ చేతి నుంచి అస్తఫ్యెవ్స్ చేతికి వచ్చింది. ఆ రెండు దేశాలూ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయి, మరుసటి ఏడాది నుంచి మళ్లీ సొంత జట్లతో ఆడటం మొదలుపెట్టాయి. ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారమే 41 లక్షలు దాటింది. అంటే మన జిల్లాలో మూడో వంతు మనుషులున్న దేశం ఒకప్పుడు యూరప్‌లో అందరికంటే ఎక్కువ ఆడిన మనిషిని ఇచ్చింది. చిన్న దేశంలో కుర్రతనంలోనే జట్టులో చోటు దొరుకుతుంది, బాగా ఆడేవాడిని వదులుకునే స్థోమత ఆ దేశానికి ఉండదు. కాబట్టి టోపీల లెక్క ప్రతిభ ఒక్కదాని లెక్క కాదు. ఎక్కడ పుట్టావు, ఎప్పుడు పుట్టావు, నీతోపాటు ఇంకెవరు పుట్టారు అన్న లెక్క కూడా.

ఆ మూడో మాట దగ్గరే గోల్‌కీపర్ బతుకంతా ఉంది.

ఒక్కటే కుర్చీ

ఇంగ్లండ్‌లో పీటర్ షిల్టన్, రే క్లెమెన్స్ అని ఇద్దరుండేవాళ్లు. ఏడాది తేడాతో పుట్టారు. ఇద్దరూ ఆ కాలానికి గొప్ప గోల్‌కీపర్లు. క్లెమెన్స్ లివర్‌పూల్ జట్టుతో మూడుసార్లు యూరోపియన్ కప్ గెలిచాడు. ఎవరిని దించాలో తేల్చుకోలేక కోచ్ రాన్ గ్రీన్‌వుడ్ కొంతకాలం ఒక మ్యాచ్ ఒకరికి, ఒక మ్యాచ్ ఇంకొకరికి ఇచ్చాడు. చివరికి 1982 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ ఆడిన అయిదు మ్యాచ్‌లూ షిల్టన్‌కే దక్కాయి. క్లెమెన్స్ బెంచీ మీదే ఉన్నాడు. షిల్టన్ లెక్క 125 దాకా పోయింది, ఇప్పటికీ ఇంగ్లండ్ మగవాళ్ల జట్టులో అదే రికార్డు. క్లెమెన్స్ లెక్క 61 దగ్గర ఆగింది.

స్పెయిన్‌లోనూ ఇదే కథ. ఇకెర్ కసియాస్ 167 మ్యాచ్‌లు ఆడాడు. అన్నేళ్లు ఆయన వెనక నిలబడిన పేపే రైనాకు దక్కినవి 36. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో పరాగ్వే ఆటగాడు కార్డోసో పెనాల్టీ కొట్టబోతుంటే, కసియాస్ సరైన వైపు దూకి బంతిని పట్టేశాడు. ఆ మ్యాచ్ 1–0తో గెలిచి, స్పెయిన్ ఆ తర్వాత కప్పే గెలుచుకుంది. కార్డోసో ఎటు కొడతాడో కసియాస్‌కు ముందే చెప్పింది రైనా. ఆ టోర్నీలో రైనా ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఆ పెనాల్టీ ఆపినందుకు ఆయన ఖాతాలో ఏ టోపీ పడలేదు.

మన నేల మీదా ఇలాంటి కథ ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచిన జట్టుకు కోచ్ హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. తంగరాజ్‌కు జ్వరం వస్తే అంతకుముందు మ్యాచ్‌ల్లో గోల్ కాసింది ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు మళ్లీ తంగరాజ్ దిగాడు. దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచాం. ఆ ఫైనల్ గురించి రాసే ప్రతివాళ్లూ తంగరాజ్ పేరు రాస్తారు. ఫైనల్ దాకా జట్టును చేర్చిన చేతుల్లో బర్మన్ చేతులూ ఉన్నాయి.

దేశం తరఫున ఎక్కువ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడిన సునీల్ ఛెత్రీ కూడా తెలుగు నేల మీద, సికింద్రాబాద్‌లో పుట్టాడు. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద గోల్‌తో మొదలుపెట్టి 150 దాటాడు. ఆయన స్ట్రైకర్. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురికి చోటుంటుంది, పక్కకు జరిగి ఆడొచ్చు, చివరి పది నిమిషాలకు దిగొచ్చు. గోల్‌లో ఉన్నది ఒక్కటే కుర్చీ.

సవిత, రజని

రజని 1990 జూన్ 9న పుట్టింది. హర్యానాలోని సిర్సా జిల్లాలో సవితా పూనియా అదే ఏడాది జూలై 11న పుట్టింది. ఆ రెండు తేదీల మధ్య జూలై 7న, ఇటలీలోని బారీలో, నలభై ఏళ్ల షిల్టన్ తన 125వ మ్యాచ్ ఆడి తప్పుకున్నాడు. నెల తేడాతో పుట్టిన ఆ ఇద్దరు ఆడపిల్లలు పెద్దయ్యాక ఒకే దేశానికి, ఒకే గోల్‌కు చేరారు. సవిత 2025 ఫిబ్రవరిలో 300 మ్యాచ్‌ల మైలురాయి చేరింది. రజనికి అందులో సగం కూడా దక్కలేదు.

హాకీ తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక ముడి కనిపిస్తుంది. ఆ ఆటలో ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ముందు వరుసలో, మధ్య వరుసలో ఉన్నవాళ్లు కొన్ని నిమిషాలకోసారి లోపలికి బయటికి తిరుగుతూనే ఉంటారు, జట్టులో ఉన్నవాళ్లందరికీ ఎంతోకొంత ఆట దొరుకుతుంది. ముందు వరుసలో ఆడిన వందన కటారియా 320 మ్యాచ్‌లు ఆడగలిగిందంటే ఆ తిరుగుడు కూడా ఒక కారణం. ఆ తిరుగుడులో చేరని మనిషి గోల్‌కీపర్ ఒక్కతే. మొదటి గోల్‌కీపర్ కాలికి దెబ్బ తగిలితేనో, కోచ్ ముందే అనుకుంటేనో తప్ప రెండో గోల్‌కీపర్ లోపలికి రాదు. ప్రాక్టీసులో మాత్రం ఇద్దరికీ సమానంగా పడతాయి దెబ్బలు.

రజని ప్రయాణం చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌కు 36 ఏళ్ల తర్వాత మన ఆడపిల్లల జట్టు వెళ్లింది. రజని స్టాండ్‌బై. 2017లో జపాన్‌లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది. షూటౌట్‌లో చైనాను ఆపింది సవిత. 2018లో కామన్వెల్త్ క్రీడలు, లండన్ ప్రపంచ కప్, జకార్తా ఆసియా క్రీడల రజతం, మూడింట్లోనూ సవిత పక్కన రజని. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోరాడిన జట్టుకు రిజర్వ్ గోల్‌కీపర్. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 16 ఏళ్ల తర్వాత పతకం వచ్చింది, న్యూజిలాండ్ మీద మళ్లీ షూటౌట్‌లో. ఆ కంచు పతకం రజని మెడలోనూ పడింది.

పదేళ్లపాటు దేశంలో రెండో స్థానంలో నిలబడటం ఎంత కష్టమో మనం ఆలోచించం. మొదటి స్థానంలో ఉన్నవాళ్లకు రేపు మ్యాచ్ ఉంటుంది. రెండో మనిషికి రేపు మ్యాచ్ ఉండొచ్చు. ఆ ‘ఉండొచ్చు’ కోసం రోజూ అంతే బరువు మోయాలి, అంతే నిద్ర పోవాలి, అంతే తిండి తినాలి.

ఆమెకు కెప్టెన్సీ హాకీ ఫైవ్స్‌లో దక్కింది. జట్టుకు అయిదుగురే మైదానంలో ఉండే చిన్న ఆట అది, గోల్‌కీపర్‌కు ఊపిరి తీసుకునే సందు కూడా దొరకదు. 2022లో లొసాన్‌లో జట్టును నడిపింది. 2024 జనవరిలో మస్కట్‌లో ఆ ఆటకు మొదటి ప్రపంచ కప్ జరిగింది. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6–3తో ఓడించి, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7–2తో ఓడి, భారత్ రెండో స్థానంలో నిలిచింది. ప్రపంచ కప్ ఫైనల్లో భారత జట్టు ముందు నడిచిన కెప్టెన్ ఎనుములవారిపల్లె అమ్మాయి. మన తిరుపతిలో, చిత్తూరులో ఆ రాత్రి టపాకాయల మోత వినిపించలేదు.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనను. 2021 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఆమెను సత్కరించి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించారు. మంచి పని. ఆ మంచి పనికి ముందు జరగాల్సిన పని ఇంకొకటుంది.

నులక తాడు

మన జిల్లాలో ఒక హైస్కూలు మైదానం. ఊరి పేరు చెప్పను. సాయంత్రం నాలుగున్నరకు ఆడపిల్లలు హాకీ ఆడుతున్నారు. గోల్‌లో ఉన్న పిల్లకు పదమూడేళ్లుంటాయేమో. కూర్చుని ప్యాడ్లు కట్టుకుంటోంది. అవి ఎప్పటివో, తెల్లరంగు మాసి మట్టిరంగుకు తిరిగాయి. ఎడమ కాలి ప్యాడ్‌కు రెండు పట్టీలు తెగిపోయాయి. వాటి చోట మంచానికి వాడే నులక తాడు చుట్టి, పళ్లతో లాగి ముడి వేసింది. హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ లేదు. చేతికి కట్టుకునేది ఒకటే ఉంది. రెండో చేతికి పాత క్రికెట్ గ్లవ్ తొడుక్కుంది.

“భయం లేదామ్మా?” అన్నాను.

“మొదట్లో ఉండె సార్. ఇప్పుడు బాలు మీదికి రాకుంటేనే తోచదు” అంది.

నేనున్నంతసేపూ పెనాల్టీ కార్నర్లు కొడుతూనే ఉన్నారు. ఒకటి క్రికెట్ గ్లవ్ తొడుక్కున్న చేతికి తగిలింది. చెయ్యి విదిలించి, మళ్లీ కిందికి వంగి నిలబడింది. ఆ పిల్లకు రజని పేరు తెలుసు. “మా తట్టు అక్కే సార్” అంది.

హాకీలో మిగతావాళ్లకు కర్ర ఉంటే చాలు. గోల్‌కీపర్‌కు కాళ్ల ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, రెండు చేతులకూ రక్షణ, ఛాతీకి, గొంతుకు, తలకు వేరువేరుగా కావాలి. ఒక బడి హాకీ జట్టుకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం ఈ ఒక్క మనిషిదే. అందుకే చాలా బడుల్లో అన్నిటికంటే చివర కొనేది ఆ కిట్టే, చిరిగిపోయినా చివరిదాకా మార్చనిదీ ఆ కిట్టే. దానివల్ల మంచి పిల్లలు గోల్ వైపు రారు, వచ్చినా దెబ్బ తిని మానేస్తారు. ఎన్ని టోపీలు అలా మొదట్లోనే రాలిపోయాయో ఏ జాబితాలోనూ ఉండదు.

ఎస్టోనియా అంత దేశానికి ఒక రైమ్ దొరికినప్పుడు, దానికి మూడింతలున్న మన నేలకు ఒక్క రజనితో సరిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఈ వారం మీరు చదివిన హైస్కూలుకు ఒకసారి వెళ్లండి. వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అడిగి గోల్‌కీపర్ కిట్ తెప్పించి చూడండి. పట్టీలు తెగి ఉంటే, మీ బ్యాచ్ వాళ్లంతా కలిసి కొత్తది కొనివ్వండి.